ఆపరేషను తరువాత నొప్పి: ఇంటివారి విధి, పంచాయతీ విధి

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులు సమావేశమైనప్పుడు సాధారణముగా రోడ్లను గూర్చి, మురుగు కాలువలను గూర్చి, వీధి దీపములను గూర్చి మాటలాడుకొనుట కలదు. నేడు నేను ప్రస్తావింపబోవు విషయము ఇంటి గడప దాటి వెలుపలికి రానిది. తల్లి కూతురితో చెప్పుకొనుటకు సంకోచించునది. భార్య భర్తకు తెలుపనిది. గర్భసంచి జారిన స్త్రీకి శస్త్రచికిత్స జరిగి, ఆమె ఇల్లు చేరిన పిమ్మట పడు నొప్పి ఎట్టిది, దానిని ఎట్లు తగ్గింపవలెను అనునదే నా ప్రసంగ విషయము. దీనితో పంచాయతీకి ఏమి సంబంధమని మీలో కొందరికి తోచవచ్చును. ఆ సంబంధమును చివరకు మనవి చేయుదును.

వ్యాధి స్వరూపము

స్త్రీ కటిభాగమున గర్భసంచి, మూత్రాశయము, పెద్దప్రేగు చివరి భాగము ఒకదాని ననుకొని యొకటి యుండును. వీనిని క్రిందినుండి కొన్ని కండరములు ఉట్టివలె మోయుచుండును. ప్రక్కలనుండి బలమైన పట్టీలు లాగి పట్టుకొని యుండును. పెక్కు కాన్పులు, గంటల తరబడి సాగిన కష్టపు కాన్పులు, బాలింతతనము తీరకమునుపే బరువు పనులకు దిగుట, ఏండ్ల తరబడి మోపులు మోయుట, విడువని దగ్గు, మలబద్ధము, ముట్లుడిగిన పిమ్మట కలుగు బలహీనత ఇవన్నియు ఆ ఉట్టిని సడలించును. అప్పుడు అవయవములు క్రిందికి దిగును. మొదట బరువుగా, ఏదియో జారుచున్నట్లు తోచును. ముదిరిన పిమ్మట కంటికి కనబడును. మూత్రమునకు, విరేచనమునకు ఇబ్బంది కలుగును.

ఈ వ్యాధి గల వారందరికిని శస్త్రచికిత్స అక్కరలేదు. కొలదిగా జారినవారికి కటి కండరములను బిగించు వ్యాయామములు మేలు చేయును. అమెరికా దేశపు వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో వీనిని ప్రచారములోనికి తెచ్చెను. మరికొందరికి లోపల అమర్చు రింగు సరిపోవును. వీనితో తీరనివారికే శస్త్రచికిత్స. దానిని పెక్కుమందికి క్రిందిమార్గముననే చేయుదురు. గర్భసంచిని తీసివేయుటయో, ఉంచి పైకి కట్టుటయో, సడలిన గోడలను బిగించి కుట్టుటయో ఆయా రోగి స్థితిని బట్టి జరుగును.

ఇచ్చటనే మొదటి చిక్కు కలదు. పొట్టపై గాటు లేదు, కట్టు లేదు. చూచువారికి ఆమె ఆరోగ్యవంతురాలివలెనే కనబడును. చేయి విరిగినవానికి పిండికట్టు ఉండును గనుక వానిని ఎవ్వరును మూట యెత్తుమని అడుగరు. ఈ తల్లికి లోపల వరుసలు వరుసలుగా కుట్లున్నవి. వానిని ఎవ్వరును చూడలేరు. కావున ఇల్లు చేరిన వారము దినములకే బిందె ఆమె చంకకు వచ్చి చేరుచున్నది.

సహజమైన నొప్పి

ఈ శస్త్రచికిత్సను పెక్కుసారులు వెన్నులో మత్తుసూది యిచ్చి చేయుదురు. మత్తు విడిచినకొలది నొప్పి తెలియును. మొదటి రెండు మూడు దినములు ఎక్కువగా నుండి, తరువాత దినదినమునకు తగ్గుముఖము పట్టును. పొత్తికడుపులో ముట్టు నొప్పి వంటి పీకులాట, కూర్చున్నప్పుడు క్రింద లాగినట్లుండుట, నడుములో బరువు సహజములు. జారిన భాగమును కటిలోపలి గట్టి పట్టీకి కుట్టినప్పుడు పిరుదులో, తరచుగా కుడి పిరుదులో, పోటు వచ్చును. ఇది పెక్కుమందిలో ఆరు వారములలో తగ్గును. కుట్లు వానంతట అవియే కరగును. దారపు ముక్కలు పడవచ్చును. పలుచని గోధుమ రంగు స్రావము నాలుగు నుండి ఆరు వారముల వరకు ఉండవచ్చును. ఈ సంగతులను ముందుగా తెలిసికొన్న స్త్రీ భయపడదు. భయము తగ్గినప్పుడు నొప్పియు కొంత తగ్గును.

వెన్నుసూది వలన జీవితాంతము నడుము నొప్పి మిగులునని మన గ్రామములలో గట్టి నమ్మిక కలదు. సూది గ్రుచ్చినచోట కొలది దినములు నొప్పి యుండుట నిజమే. ఏండ్ల తరబడి యుండు నడుము నొప్పికి ఆ సూది కారణమని వైద్య పరిశీలనలలో తేలలేదు. అయితే లేచి కూర్చున్నప్పుడు తల పగిలిపోవునట్లు నొప్పి వచ్చి, పండుకొన్నప్పుడు తగ్గుచున్నచో అది వెన్నుసూది వలన కలిగినది కావచ్చును. దానికి చికిత్స కలదు గనుక వెంటనే ఆసుపత్రివారికి తెలుపవలెను.

ఓర్పు గుణమే, కాని చికిత్స కాదు

నొప్పిని పంటి బిగువున ఓర్చుకొనుట ఆడుదానికి భూషణమని మనలో ఒక భావము పాతుకొని యున్నది. ఈ సందర్భమున అట్టి ఓర్పు కీడు చేయును. నొప్పికి వెరచిన స్త్రీ గుండెల నిండుగా ఊపిరి తీయదు, కఫము చేరును. మంచము దిగదు, కాలి పిక్కలలో రక్తము గడ్డకట్టు ప్రమాదము పెరుగును. విరేచనమునకు పోవుటకు వెనుదీయును. మలము గట్టిపడి మరింత నొప్పి కలుగును. నిద్ర ఉండదు, నిద్ర లేనివారికి చిన్న నొప్పియు పెద్దదిగా తోచును. కావున నొప్పిని తగ్గించుట చికిత్సలో ఒక భాగమే గాని విలాసము కాదు.

వాన రాకమునుపే కప్పు నేసికొన్నట్లు, నొప్పి ముదురకమునుపే మందు వేసికొనవలెను. మొదటి కొలది దినములు వైద్యుడు వ్రాసిన మాత్రలను వ్రాసిన వేళకే తీసికొనవలెను. ఇంట చదువు వచ్చిన పిల్లవాడో, ఆశా కార్యకర్తయో ఒక కాగితముపై వేళలు గీసి, వేసికొన్న మాత్రకు ఎదుట గుర్తు పెట్టినచో పొరపాటు జరుగదు.

సాధారణముగా వాడు మందు పారాసిటమాల్. 500 మిల్లీగ్రాముల మాత్రలైనచో పెద్దవారు 24 గంటలలో ఎనిమిదింటికి మించరాదు. ఒక మోతాదునకును మరియొక మోతాదునకును నడుమ కనీసము నాలుగు గంటల వ్యవధి యుండవలెను. బక్కపలుచని స్త్రీకి, కాలేయవ్యాధి గలవారికి ఇంతకంటె తక్కువ మోతాదు ఇత్తురు. దుకాణములలో 650 మిల్లీగ్రాముల మాత్రలును దొరకును గనుక సంఖ్యను మాత్రమే చూడక అట్టపైనున్న బరువును గూడ చూడవలెను. వేరు వేరు పేర్లతో వచ్చు మాత్రలలో ఒకే మందు ఉండవచ్చును; ఆ రెండింటిని కలిపి మ్రింగుట ప్రమాదము. ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి మందులను అన్నము తిన్న పిమ్మటనే వేసికొనవలెను. కడుపులో పుండు, మూత్రపిండముల వ్యాధి, ఉబ్బసము ఉన్నవారు వైద్యుని అడుగక వానిని ముట్టరాదు. ట్రమడాల్ వంటి గట్టి మందులు మలబద్ధము కలిగించును. ఊరిలో ఆర్.ఎం.పి. వద్ద సూదిమందు వేయించుకొనుట సులభమే గాని, ఆసుపత్రి చీటీలోని మందులను ఆయనకు చూపక, ఆసుపత్రివారిని అడుగక అట్టి సూది వేయించుకొనరాదు.

ఇంటనే చేయదగినవి

మాత్రలతో పాటు కొన్ని సులభోపాయములు కలవు. మంచముపై నుండి నిటారుగా లేవరాదు. మోకాళ్లు మడిచి, ప్రక్కకు ఒరిగి, కాళ్లను క్రిందికి దించుచు, మోచేతి ఊతతో లేవవలెను. నేలపై చాప పరచుకొని పండుకొను అలవాటున్నవారు ఈ ఆరు వారములు మంచమునే వాడుట మేలు. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు మడిచిన గుడ్డతో క్రిందిభాగమును చేతితో అదిమి పట్టుకొన్నచో కుట్లపై ఒత్తిడి తగ్గును. పొట్ట జారునని చీరతో నడుమును బిగించి కట్టు ఆచారము కలదు. గట్టి కట్టు ఒత్తిడిని క్రిందికే నెట్టును. వైద్యుడు చెప్పనిదే కట్టరాదు. లోపలికి పసరులు, పసుపు, నూనె మొదలగునవి ఏవియు పెట్టరాదు.

నొప్పి వచ్చినప్పుడు పొట్టపై చేయి యుంచి, ముక్కుతో మెల్లగా ఊపిరి తీసి, అంతకంటె మెల్లగా విడువవలెను. ఇట్లు పది పర్యాయములు చేసినచో బిగిసిన కండరములు వదులగును. మొదటి దినము తరువాత, వైద్యులు లేవనిచ్చినది మొదలు, ఇంటిలోనే రోజునకు నాలుగైదు పర్యాయములు కొలదిసేపు నడువవలెను. తరువాత వీధి చివర వరకు పోవచ్చును. నడక పథ్యమునకు విరుద్ధము కాదు. అమెరికాలో ఇటీవల జరిగిన ఒక పరిశీలనలో, ఈ శస్త్రచికిత్స జరిగిన స్త్రీలను తమ శక్తికొలది త్వరగా నిత్యకృత్యములకు పోనిచ్చినను మొదటి నెలలలో కీడు కనబడలేదు. కావున ఆమెను మూల గదిలో కదలక పడియుండుమనుట తగదు. అయితే అచ్చటి స్త్రీల నిత్యజీవితము వేరు. నెత్తిపై గడ్డిమోపు, చంకలో బిందె, నడుము వంచి నాట్లు వేయు మన స్త్రీల జీవితము వేరు. ఆ పరిశీలనను సాకుగా జేసికొని ఆమెకు మోపు ఎత్తరాదు.

ఆహారము, మలబద్ధము

శస్త్రచికిత్స తరువాత అధికముగా బాధించునది మలబద్ధము. ముక్కినకొలది కుట్లపై ఒత్తిడి పడును. పప్పు తిన్నచో చీము పట్టునని, నీరు త్రాగినచో గాయము ఆరదని పెద్దలు పథ్యము పెట్టుదురు. వారి ప్రేమను తప్పుపట్టరాదు గాని ఆ పథ్యము తప్పు. గాయము పూడుటకు మాంసకృత్తులు కావలెను. అవి పప్పులో, గుడ్డులో, పాలలో కలవు. చీము పుట్టించునవి సూక్ష్మజీవులు, పప్పు కాదు. గుండె జబ్బు, మూత్రపిండముల జబ్బు లేనివారు దాహమునకు తగినట్లు ధారాళముగా నీరు, మజ్జిగ త్రాగవలెను. రాగి జావ, ఆకుకూరలు, జామపండు మంచివి. అవసరమైనచో వైద్యుని అడిగి ఇసబ్గోల్ వంటిది వాడవచ్చును.

మొదటి వారములలో గొంతుకూర్చుండుట కష్టము. నడుమ రంధ్రము గల కుర్చీని మరుగుదొడ్డిపై వేసికొని, కాళ్ల క్రింద చిన్న పీట పెట్టుకొని, కొంచెము ముందునకు వంగి కూర్చున్నచో ముక్కనక్కరలేక విరేచనమగును. పొగ, దగ్గు పుట్టించు అలవాట్లు మానవలెను. ఉత్తరాంధ్ర తీరమున కొందరు స్త్రీలకు చుట్టను అడ్డపొగ త్రాగు అలవాటు కలదు. పొగ దగ్గును తెచ్చుటయే గాక గాయము ఆరుటను గూడ ఆలస్యము చేయును.

ఆలస్యము చేయరాని లక్షణములు

నొప్పి దినదినమునకు తగ్గవలెను. తగ్గిన నొప్పి మరల పెరిగినచో అది హెచ్చరిక. జ్వరము 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుట, స్రావము దుర్వాసన కొట్టుట, గంటకొక గుడ్డ పూర్తిగా తడియునంత రక్తము పోవుట, మూత్రము రాక పొత్తికడుపు ఉబ్బుట, ఆగని వాంతులు, పిరుదు నుండి కాలిలోనికి దిగు తీవ్రమైన పోటు కనబడినచో అదే దినమున ఆసుపత్రికి కొనిపోవలెను. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టుట, ఆయాసము, గుండెలో నొప్పి ప్రాణాపాయ సూచనలు. అప్పుడు 108 బండిని పిలుచుటకు క్షణమైనను జంకరాదు. రాత్రివేళ యని తెల్లవారు వరకు వేచియుండరాదు.

నొప్పి పోయినది, గాయము ఆరలేదు

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయము. రెండవ మూడవ వారమునకు నొప్పి పెక్కుమందికి చాలవరకు తగ్గిపోవును. నొప్పి లేదు గనుక గాయము ఆరినదని అందరు తలంతురు. శరీర ధర్మము అట్టిది కాదు. కుట్టిన గాయమునకు మూడవ వారమునాటికి పూర్వపు బలములో మూడవ వంతు గూడ రాదు. మూడు నెలలకు గాని సుమారు 80 పాళ్లు రాదు. పదిహేను లీటర్లు పట్టు బిందెలో నీరే పదిహేను కిలోల బరువు. దానిని మూడవ వారమున ఎత్తిన స్త్రీకి ఆ క్షణమున నొప్పి తెలియకపోవచ్చును. నెలలు గడచిన పిమ్మట గర్భసంచి ఉండిన చోటు మరల జారినప్పుడు తెలియును. అప్పుడు పడిన కష్టము, పెట్టిన ఖర్చు వ్యర్థమై, రెండవ ఆపరేషను మొదటిదానికంటె కష్టమగును.

కూలి పోవునని, మాట పడవలసివచ్చునని ఒక మాత్ర వేసికొని చేనికి పోవువారు కలరు. నొప్పి మాత్ర ఆమె లేచి నడచుటకు, దగ్గుటకు, నిద్రించుటకు ఉద్దేశింపబడినది; మోపు మోయుటకు కాదు. మాత్రతో నొప్పిని కప్పి బరువెత్తించుట, గట్టు తెగుచున్న చెరువుపై కావలివానిని నిద్రపుచ్చుట వంటిది.

కావున ఆరు వారముల వరకు నిండు చెంబుకంటె, చిన్న గిన్నెకంటె బరువైనదేదియు ఆమె ఎత్తరాదు. బావిలో నీరు తోడుట, రోకటి దంపు, నాట్లు, కలుపు, పిల్లలను చంకనెత్తుకొనుట కూడదు. సంసార సంబంధమును గూడ వైద్యురాలు పరీక్షించి అనుమతించువరకు మానవలెను. ఈ మాటను భర్తతో ఆశా కార్యకర్తయో, ఏ.ఎన్.ఎం.యో స్పష్టముగా చెప్పవలెను. ఆరు వారముల పిమ్మట వైద్యపరీక్ష జరిగి, క్రమక్రమముగా పనులకు దిగవచ్చును. మూడు నెలల వరకు పెద్ద బరువులకు పోకుండుట మంచిది. కటి కండరముల వ్యాయామమును ఎప్పుడు మొదలుపెట్టవలెనో వైద్యురాలే చెప్పును. మొదలిడిన పిమ్మట జీవితాంతము మానరాదు.

పంచాయతీ చేయదగినది

నేను చెప్పిన చికిత్సలో సగము మందుల దుకాణములో దొరకునది కాదు. ఆరు వారములు నీరు ఎవరు తెచ్చెదరు? పశువులకు మేత ఎవరు వేసెదరు? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకిన ఇంట స్త్రీ కోలుకొనును. దొరకని ఇంట మాత్ర వేసికొని బిందె యెత్తును. అందుచేతనే ఈ మాట పంచాయతీ సభ్యులతో చెప్పుచున్నాను. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చినది. అది పంచాయతీలకు అప్పగింపదగిన విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. వానిలో ఆరోగ్యము, కుటుంబ సంక్షేమము, స్త్రీ శిశు అభివృద్ధి కలవు. ఈ విషయమును అడుగు హక్కు మీకు కలదని దీని భావము.

మీరు చేయదగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. నడుమ రంధ్రము గల కుర్చీలు రెండు కొని, ఉపకేంద్రములో నుంచి, అవసరమైనవారికి ఆరు వారములకు ఎరువిచ్చుట మొదటిది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలో దీనిని చర్చింపవచ్చును. ఆ వీధి కుళాయికి నీరు క్రమముగా వచ్చునట్లు చూచుట రెండవది. పొదుపు సంఘపు స్త్రీలు వంతులు వేసికొని ఆమె ఇంటికి నీరు, మేత చేర్చుట మూడవది. నేడు మీకు చేసినవారికి రేపు మీరు చేయుదురు. నాట్లలో బదులు పనికి పోవు ఆచారము మనకు క్రొత్త కాదు. ఆశా కార్యకర్త మొదటి వారమున రెండు మూడు పర్యాయములు, తరువాత వారమున కొకసారి ఆమెను చూచి, నొప్పి తగ్గుచున్నదా, విరేచనమగుచున్నదా, జ్వరమున్నదా యని అడుగునట్లు చూచుట నాలుగవది. ఆరవ వారపు పరీక్షకు ఆసుపత్రికి పోవు బండి ఏర్పాటు ఐదవది. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలగు పథకముల వలన ఆసుపత్రి ఖర్చు తగ్గవచ్చును. ఇంటిలోని చాకిరీని తగ్గించు పథకము మాత్రము మీ చేతులలోనే యున్నది.

ఒక్క హెచ్చరిక. ఈ సహాయమంతయు గుట్టుగా జరుగవలెను. ఫలానా ఇంటి ఆమెకు ఫలానా ఆపరేషను జరిగినదని పంచాయతీ గదిలో పేరెత్తరాదు. రచ్చబండ వద్ద అసలే ఎత్తరాదు. విషయమును గూర్చి గ్రామసభలో మాటలాడుడు; వ్యక్తిని గూర్చి ఆమె అనుమతించిన ఇద్దరు ముగ్గురు స్త్రీలు తప్ప ఎవ్వరును మాటలాడరాదు. గుట్టు నిలువదని తోచిననాడు, ఈ వ్యాధితో బాధపడు తక్కిన స్త్రీలు నోరు మెదపరు. మహిళా సభ్యులకు ఇందు విశేష బాధ్యత కలదు. పురుష సభ్యులకు చెప్ప తప్పినది మహిళా సభ్యురాలికి చెప్పగలరు.

పురుష సభ్యులకు ఒక మనవి. నేడు ఇంటికి పోయి మీ తల్లిని, భార్యను, వదినను ఏ బాధయైనను ఉన్నదా యని నెమ్మదిగా అడుగుడు. మొదటి పర్యాయము ఏమియు లేదనియే సమాధానము వచ్చును. ఆ మాటతో ఊరకుండక, ఇంటనున్న బిందెను ఒకసారి మీరే యెత్తి చూడుడు. దాని బరువు తెలిసినవానికి ఈ ప్రసంగము మరల వినవలసిన అవసరముండదు.